మన పెద్దల జాడ: మేడ్చల్, షామీర్‌పేట రైతులు వంశచరిత్ర తెలిసికొను విధము

"మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడు" అను సామెత నెఱుగనివారు మన యూళ్లలో లేరు. పెద్దల పేరు చెప్పి గొప్పలు పోవువానిని వేళాకోళము చేయుటకు పుట్టిన మాట యిది. కాని పెద్దల గొప్ప చెప్పుకొనుట వేఱు, పెద్దల జాడ తెలిసికొనుట వేఱు. మొదటిది తీఱిక గలవాని ముచ్చట. రెండవది భూమి గల రైతునకును, భూమి పోగొట్టుకొన్న రైతునకును గూడ అవసరమైన పని. తాత తండ్రి పేరేమి? వారెచటి నుండి వచ్చిరి? ఏ పొలము దున్నిరి? ఆ పొలము మన చేతికెట్లు వచ్చెను, లేక మన చేతినుండి యెట్లు పోయెను? ఈ ప్రశ్నలకు తడుముకొనక సమాధానము చెప్పగలవారు ప్రతి యూరను ఏ కొద్దిమందియో యుందురు.

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతపు రైతుకుటుంబము తన పూర్వులను ఏ కాగితములలో వెదకవలెనో, ఎవరి నడుగవలెనో, ఆ కాగితములు చెప్పక విడిచిన సంగతులెవ్వియో ఈ వ్యాసమున సభ్యుల కెఱిగింప దలచితిమి.

ఇప్పుడే యెందుకు?

ఈ పని వాయిదా వేయరాదనుటకు మూడు కారణములు గలవు. మొదటిది, నిజాము కాలము నెఱిగిన ముదుసలులు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు. 1948 సెప్టెంబరులో పదేండ్ల ప్రాయముననున్న బాలుడు నేడు తొంబది యేండ్లకు చేరువలోనున్న వృద్ధుడు. రెండవది, మన పాత భూమి లెక్కలలో పెక్కు ఉర్దూలో నున్నవి. ఆ గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కండ్లకోయ, షామీర్‌పేటల మీదుగ సాగినది. తుర్కపల్లి పరిసరములలో ఔషధ పరిశోధనాలయములు వెలసినవి. జొన్న చేలుండిన చోట నిండ్ల స్థలములకు రాళ్లు పాతిరి. నేల వెల పెరిగినకొలది "ఈ భూమి మా తాతది" యనువారును పెరుగుదురు. అట్టి సమయమున తాత పేరు తెలియని మనుమడు, ఆ పేరు చెప్పగల యితరుని ముందు నోరు మెదపలేడు.

మూడు తరముల హద్దు

మనలో ప్రతి కుటుంబమును ఏటేట ఒకమారు పూర్వులను పేరుపెట్టి తలచుకొనును. అది పెత్రామాస. భాద్రపద మాసపు అమావాస్యనాడు బియ్యమిచ్చునపుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుట మన యాచారము. చాల యిండ్లలో వంశచరిత్ర యంతయు ఆ మూడు పేర్లే. నాల్గవ పేరు అడిగినచో "మా నాయనకు తెలుసు" అందురు. ఆ నాయన బ్రతికియున్న యెడల నేడే పోయి యడుగవలెను.

ఇచట నొక చిక్కు గలదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన వాడుక. మఱియు పోచమ్మ, ఎల్లమ్మ, మల్లన్న, లింగమయ్యల పేర్లే యూరందఱికిని పంచబడినవి. అందుచే నొకే యింట ఇద్దరు ముగ్గురు మల్లయ్యలు, ఒకే యూర పదిమంది పోచయ్యలు కనబడుదురు. ఒట్టి పేరుతో వెదకువాడు తప్పక త్రోవ తప్పును. పేరు, తండ్రి పేరు, ఊరు, పొలము – ఈ నాలుగును కలిసిననే మనిషి దొరకును.

ఇంటిపేరు కొంత సాయపడును. మన యింటిపేర్లలో చాల భాగము ఊళ్ల పేర్లే. ఆ పేరుగల యూరు ఎచటనున్నదో విచారించినచో పూర్వులు ఏ దిక్కునుండి వచ్చిరో తోచును. ఆ యూరు నేటి పటములో కనబడకున్నను నిరాశ వలదు. జనులు విడిచిపోయిన యూరిని రెవెన్యూ లెక్కలలో "బేచిరాఖ్" అందురు. దీపము లేనిది యని ఆ మాటకర్థము. ఊరిలో దీపము పెట్టువాడు లేకున్నను, దాని పేరును దాని పొలముల నంబర్లును లెక్కలలో నిలిచియుండును.

ఏండ్లు తెలియని కాలమును కొలుచుట

మన ముదుసలులు పుట్టిన తేదీ చెప్పలేరు గాని, ఏ సంఘటన నాటికి తాము ఎంతవారో చెప్పగలరు. అడుగువాడు ఆ సంఘటనల యేండ్లు తెలిసికొని యుండవలెను. హైదరాబాదును ముంచిన మూసీ వరద, మనవారు "తుగ్యానీ" యనునది, 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చెను. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను మరణము, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను గద్దె నెక్కుట 1911లో జరిగినవి. ఇంటింట శవములు లేచిన విషజ్వరపు సంవత్సరము 1918. సికిందరాబాదు నుండి మేడ్చల్ మీదుగ మన్మాడు దెస పోవు రైలుమార్గము పడినది 1900 ప్రాంతమున. పోలీసుచర్య 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు నడిచెను. "తుగ్యానీ నాటికి మా యమ్మ చంకబిడ్డ" యని ముసలమ్మ చెప్పినచో, ఆ తల్లి 1907 ప్రాంతమున పుట్టినదని వ్రాసికొనవచ్చును. ఒక్క సంఘటనతో తృప్తిపడక, రెండు మూడిటితో సరిచూచినచో లెక్క కుదురును.

ఈ నేల ఎవరి పాలనలో నుండెను?

కాగితమును వెదకుటకు ముందు అది ఏ కచ్చేరీలో పుట్టెనో తెలియవలెను. నిజాము రాజ్యమున మన మేడ్చల్ ప్రాంతము అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. నగరము చుట్టునున్న నేల యని ఆ పేరునకర్థము. ఈ జిల్లా నిజాము సొంత ఖర్చులకై యేర్పడిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములలోనిది. ఆ భూముల ఆదాయము దివానీ ఖజానాకు గాక ప్రభువు సొంత ఖజానాకు చేరెడిది. వీని నడుమ జాగీరు గ్రామములును, మక్తాలును, ఇనాములును ఉండెను. జాగీరు గ్రామముల లెక్కలు జాగీర్దారుల కచ్చేరీలలో నడిచెడివి.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసెను. ఆ సంవత్సరమే ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. అత్రాఫ్-ఎ-బల్దా హైదరాబాదు జిల్లాలో చేరెను. 1978లో హైదరాబాదు జిల్లా గ్రామభాగము విడివడి రంగారెడ్డి జిల్లాగ నేర్పడెను. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పుట్టెను. కావున ఒకే పొలము తాత కాలపు కాగితములో అత్రాఫ్-ఎ-బల్దాలోను, తండ్రి కాలపు కాగితములో హైదరాబాదు జిల్లాలోను, మన చిన్ననాటి పాసుపుస్తకములో రంగారెడ్డి జిల్లాలోను కనబడును. పొలము కదలలేదు, పేరు మాత్రమే మాఱెను. జిల్లా పేరు వేఱుగ నున్నదని పాత కాగితమును త్రోసివేయరాదు.

నేటి పుస్తకమునుండి వెనుకకు

వంశచరిత్ర వెదకువారు పలువురు పైనుండి క్రిందికి రాజూచుదురు. కాకతీయుల కాలముతో మొదలుపెట్టి తమ యింటికి దిగవలెనని వారి కోరిక. అది గాలిలో గోడ కట్టుట వంటిది. చేతిలోనున్న కాగితముతో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే వెనుకకు పోవలెను.

నేటి భూమి లెక్కలు యంత్రములలో నున్నవి. 2020 అక్టోబరులో ధరణి వచ్చెను. దానికి బదులుగ భూభారతి చట్టము 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోనికి వచ్చెను. వీనికి వెనుక 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టము క్రింద వచ్చిన లెక్కలు గలవు. ఏటేట వ్రాసిన పహాణీలు వానితోడనే యున్నవి. ఇంకను వెనుకకు పోగా 1955 నుండి 1958 వఱకు గల కాలమునకు చెస్సల పహాణీ యున్నది. దానికి ముందుది 1954–55 నాటి ఖస్రా పహాణీ. ఇది మన రైతులకు మూలస్తంభము వంటిది. తెలంగాణమంతట ఊరూర, నంబరు నంబరునకు పట్టాదారు పేరును, వాస్తవముగ సాగుచేయువాని పేరును ఇందు నమోదు చేసిరి. మీ తాత పేరు మొదట వెదకవలసిన చోటు ఇదియే.

ఖస్రాకు వెనుక ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ మొదలగు లెక్కలు గలవు. ఒక యేట జరిగిన మార్పులు, శిస్తు నిర్ణయములు ఫైసల్ పట్టీలోను, ఎవరు ఎంత కట్టిరి, ఎంత బాకీ పడిరి యను సంగతి వసూల్ బాకీలోను దొరకును. అన్నిటికి మూలమున సేత్వారు ఉన్నది. సర్వే బందోబస్తు జరిగినపుడు ప్రతి నంబరునకు విస్తీర్ణము, ఖుష్కియో తరియో బాగాతో యను భేదము, శిస్తు, పట్టాదారు పేరు వ్రాసిన మొదటి లెక్క యది. ఆ నంబరు హద్దులను కొలతలతో గీసిన పటము టిప్పన్. ఈ రెండును సర్వేశాఖ వారి యొద్ద నుండును. తహసీలు కార్యాలయమున పాత పహాణీల నకళ్లకు దరఖాస్తు పెట్టవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రిందను అడుగవచ్చును.

సేత్వారునకు వెనుక రైతు పేరు దొరకుట కష్టము. మొదటి సాలార్జంగు దివానుగనుండిన 1853–1883 సంవత్సరముల నడుమ జిల్లాబందీయు సర్వే పద్ధతియు మొదలైనవి. అంతకు ముందు శిస్తు వసూలు గుత్తకిచ్చు వాడుక యుండెను. సర్కారునకు ఊరిమీద రావలసిన మొత్తమే ముఖ్యము గాని, దున్నువాని పేరుతో పనిలేదు. తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాగారమున షాజహాను, ఔరంగజేబుల నాటి పారశీక పత్రములు సైతము భద్రముగ నున్నవి. వానిలో మన్సబుదారుల పేర్లు, సైన్యపు లెక్కలు మెండు. నాగలి పట్టిన వాని పేరు వానిలో దొరకుననుకొనుట యాశ మాత్రమే.

పొలము చీలికయే వంశపు కొమ్మ

ఈ లెక్కలను చదువుటలో నొక కిటుకు గలదు. రైతు వంశవృక్షము నేలమీదనే గీయబడియున్నది. ఒక యుదాహరణ యనుకొందము. సేత్వారులో ఒక నంబరు 16 ఎకరములు, ఒకే పట్టాదారు. ఖస్రాలో అదే నంబరు నాలుగు బై నంబర్లుగ చీలి, ఒక్కొక్కటి 4 ఎకరములుగ, నలుగురి పేర్లను ఉన్నది. ఆ నలుగురకును తండ్రి పేరొక్కటే. అనగా పట్టాదారునకు నలుగురు కొడుకులని తెలియుచున్నది. తరువాతి పహాణీలో వానిలో నొక బై నంబరు మరల రెండుగ చీలి 2 ఎకరములుగ మాఱినచో ఆ కొడుకునకు ఇద్దరు కొడుకులు. మఱియొక బై నంబరులో పేరు మాఱి, తండ్రి పేరు కూడ వేఱైనచో అది అమ్మకమో, తాకట్టో, అల్లుని చేతికి పోవుటయో కావచ్చును.

అందుచే పేరు మాఱుటకు కారణము చూడక కొమ్మను గీయరాదు. "విరాసత్" లేక "ఫౌతీ" యని యున్నచో చావు తరువాత వారసునకు వచ్చినదని యర్థము. "బైనామా" యని యున్నచో అమ్మకము. తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదా బైనామాలు మన ప్రాంతమున లెక్కకు మిక్కిలి. అవి లెక్కలలోనికెక్కక పెట్టెలలోనే యుండిపోయినవి. ఇంటి దూలముల మీద, ఇనుప పెట్టెల యడుగున నున్న అట్టి కాగితములను చెదలకు వదలక బయటికి తీయుడు.

ఉర్దూ వ్రాత, ఫసలీ తేదీ

పాత కాగితము చేతికి వచ్చిన తరువాత రెండు గడపలు దాటవలెను. మొదటిది లిపి. ఉర్దూలో ప, బ, త యను మూడక్షరముల రూపమొక్కటే, చుక్కలు మాత్రమే భేదము. పట్వారీ తొందరలో చుక్కలు విడిచినచో పోచయ్యయు బోచయ్యయు నొక్కటే. ళకారము, ణకారము ఆ లిపిలో వేఱుగ లేవు. హ్రస్వస్వరములు చాల తావుల వ్రాయబడవు. కావున పేరు తెలుగులోనికి మార్చునపుడు చదివినవాడు ఊహించినదే తరువాతి లెక్కలలోనికెక్కినది. తాత పేరు ఒక పహాణీలో నొకవిధముగ, మఱొక దానిలో వేఱొకవిధముగ నున్నచో అతడు వేఱు మనిషియని వెంటనే నిశ్చయింపరాదు. "వల్ద్" అను మాటకు "కొడుకు" అని యర్థము. ఇంటిపేరు చాలచోట్ల విడువబడినందున ఆ మాట తరువాతనున్న తండ్రి పేరే మనకు ఆధారము.

లిపిదోషమే గాక మర్యాదాభేదమును గలదు. కలవాని పేరు పూర్తిగ వ్రాసి, లేనివాని పేరు తుంచి వ్రాయుట ఆనాటి వాడుక. ఒకే మనిషి ఒకచోట పోచయ్య, మఱొకచోట పోచడు, వేఱొకచోట పోచిగాడు. అవమానముగ వ్రాసిన పేరైనను అది మన పెద్ద పేరే. సిగ్గుపడి విడువక వెదకవలెను.

రెండవ గడప తేదీ. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో ఆ సంవత్సరము మొదలైన క్రీస్తుశకము వచ్చును. 1358 ఫసలీ యనగా 1948లో మొదలైనది. నిజాము రాజ్యమున ఫసలీ సంవత్సరము ఆజుర్ నెలతో, అనగా అక్టోబరు మొదటి వారమున ప్రారంభమయ్యెడిది. కావున జనవరి తరువాతి సంగతులకు 591 కలుపవలెను.

పట్టా లేనివారి పేర్లు

ఇంతవఱకు చెప్పినది పట్టాదారుల మాట. కాని మన ప్రాంతపు పూర్వులలో పట్టా గలవారెందఱు? కౌలుకు దున్నినవారు, భాగేలగ నున్నవారు, కూలి చేసినవారు ఎందఱు? పట్టా లేనంత మాత్రమున వారి జాడ లేదనుకొనరాదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారుల పట్టికలు తయారైనవి. వానిలో పట్టాదారు పేరుతో పాటు దున్నువాని పేరును ఉన్నది. చెఱువు తూము కాచిన నీరడికి, ఊరి పని చేసిన బలుతదారులకు ఇచ్చిన ఇనాము భూముల లెక్కలు వేఱుగ గలవు.  ఆ లెక్కలలో కుమ్మరి, చాకలి, మంగలి, మాల, మాదిగ కుటుంబముల పెద్దల పేర్లు దొరకవచ్చును. 1973 నాటి భూపరిమితి చట్టము క్రింద ఎక్కువ భూమి గలవారిచ్చిన డిక్లరేషన్లలో కుటుంబ సభ్యుల వివరములు గలవు.

మెదకు దెసను క్రైస్తవులైన కుటుంబములకు మిషను వారి బాప్తిస్మపు పుస్తకములు సాయపడును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదకు దేవాలయపు మిషను ఆ ప్రాంతపు పల్లెలలో పనిచేసినదే. ముస్లిము సోదరులకు ఖాజీల నికాహ్ పుస్తకములలో వధూవరుల తండ్రుల పేర్లుండును. బడి ప్రవేశ పుస్తకములు, 1951–52 ఎన్నికల నాటినుండి తయారైన ఓటర్ల పట్టికలు అందఱికిని పనికివచ్చును. జనాభా లెక్కలు మాత్రము ఇందుకు పనికిరావు. హైదరాబాదు రాజ్యమున 1881లోనే జనులను లెక్కించినను, ప్రకటించినది సంఖ్యలే గాని పేర్లు కావు. 1948 నాటి చట్టము ప్రకారము ఇంటింటి పత్రములు చూపుటయు కుదరదు.

స్త్రీల సంగతి యన్నిటికంటె విచారకరము. మగబిడ్డ పేరే కొడుకు వరుసలో నెక్కును గాని, కూతురు ఏ యూరికి పోయినదో, కోడలు ఏ యూరినుండి వచ్చినదో పహాణీ చెప్పదు. భర్త చనిపోయి బిడ్డలు చిన్నవారైన కాలమున మాత్రమే స్త్రీ పేరు లెక్కలోనికెక్కెను. కావున తల్లి పుట్టిల్లు, అవ్వ పుట్టిల్లు నోటిమాటగనే తెలిసికొనవలెను. ఇందులకు ముసలమ్మలే గతి. మగవారు పొలములను జ్ఞాపకముంచుకొందురు, ఆడవారు మనుషులను జ్ఞాపకముంచుకొందురు. పెండ్లి ఎవరింట జరిగెను, ఎవరికి బిడ్డ నిలువలేదు, రెండవ పెండ్లి యెందుకు జరిగెను అను సంగతులు వారినే అడుగుడు.

నోటిమీద వంశము నిలిపినవారు

కాగితము పుట్టకముందే మన పల్లెలలో వంశములను కంఠస్థము చేసినవారుండిరి. కాపుల గోత్రములను, ఇంటిపేర్లను పిచ్చకుంట్లవారు చెప్పెడివారు. గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు – ఇట్లు ఒక్కొక్క కులమునకు ఆశ్రితులైన కథకులు గలరు. చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసిన పటములను విప్పి వారిలో కొందఱు కులపురాణము చెప్పెడివారు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాము రాజ్యపు కులములపై ప్రకటించిన గ్రంథమునను ఇట్టి యాశ్రిత జాతుల ప్రసక్తి గలదు. వారు చెప్పు దేవతల కథ చరిత్ర కాకపోవచ్చును. అయినను ఫలానా ఇంటివారు ఫలానా యూరినుండి వచ్చిరి యను మాటలో నొక్కొకప్పుడు దారి దొరకును. అట్టివారు మీ వాకిటికి వచ్చినచో గింజలు పోసి పంపివేయక, కూర్చుండబెట్టి వినుడు, వ్రాసికొనుడు.

కాశీ, ప్రయాగ, గయలకు పోయి పిండము పెట్టిన వారి పేర్లు అచటి పండాల పుస్తకములలో నుండును. యాత్రికుడు తన చేతితోనే తండ్రి, తాతల పేర్లును ఊరి పేరును వ్రాసి సంతకము చేయుట అచటి యాచారము. ఇంట నెవరైన కాశీ పోయి వచ్చిరను మాట యున్నచో ఆ పండా యెవరో యడుగదగును.

సముద్రము దాటిన కూలీ, ఇంటనుండిన రైతు

ఇచట నొక వింత చెప్పవలసియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున కోస్తా తెలుగు జిల్లాలనుండి వేలకొలది పేదలు కూలి ఒడంబడికపై మారిషస్, నెటాల్ సీమలకు ఓడలెక్కిరి. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ 1860 నవంబరు 16న డర్బను రేవు చేరెను. 1911 వఱకు నెటాలునకు 1,52,184 మంది కూలీలు పోయిరి. ఆ కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, కులము, ఒంటిమీది మచ్చ – అన్నియు పుస్తకములలో వ్రాసిరి. మారిషస్‌లో ఆ పుస్తకములు మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. కొందఱి ఛాయాచిత్రములు సైతము గలవు. నేడు వారి మునిమనుమలు ఆ సంఖ్యను పట్టుకొని తమ పూర్వుని యూరు వెదకుచు ఆంధ్రదేశమునకు వచ్చుచున్నారు.

వారు మన ప్రాంతమువారు కారు. అయినను వారి పుస్తకములు మనకొక పాఠము నేర్పుచున్నవి. ఊరు విడిచి దూరదేశమునకు పోయిన కూలీ పేరు నిలిచెను. ఊరు కదలక తరతరములు దున్నిన రైతు పేరు శిస్తు కట్టినంతవఱకే నిలిచెను. ఆ కూలీని చేర్చుకొన్న కంపెనీవాడు ప్రేమతో వ్రాయలేదు, పారిపోయినచో పట్టుకొనుటకై వ్రాసెను. ప్రేమగల మనము మనవారి గుఱించి అంతపాటి వివరములైన వ్రాసికొనక పోవుట తగునా?

సహకార సంఘము చేయదగినది

హిందూదేశమున సహకార చట్టము 1904లో వచ్చెను. హైదరాబాదు రాజ్యమున 1914లో వచ్చెను. నాటినుండి నేటివఱకు సంఘములు వ్రాసిన సభ్యత్వ పుస్తకములు, వాటా లెక్కలు, అప్పు పత్రములు గ్రామచరిత్రకు అమూల్యమైన సాధనములు. వానిలో సభ్యుని పేరు, తండ్రి పేరు, ఊరు మాత్రమే కాక, జామీను నిలిచినవాని పేరును ఉండును. జామీను పరాయివాడు నిలువడు. అన్నయో, బావయో, పక్క పొలమువాడో నిలుచును. పాత పుస్తకములను చిత్తు కాగితములుగ తూకము వేయక, చెదలంటని చోట నుంచుట సంఘముల విధి. సమావేశములందు ఈ విషయము ప్రస్తావించి, ఏ యేటి పుస్తకములు మిగిలియున్నవో పట్టిక వ్రాయించుట మంచిది.

ప్రతి సభ్యుడు తన యింట నొక పుస్తకము తెఱువవలెను. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పుట. పేరు, పిలుపు పేరు, తండ్రి, తల్లి, తల్లి పుట్టిన యూరు, పెండ్లి, బిడ్డలు, చేసిన పని, దున్నిన పొలము నంబరు, చనిపోయిన యేడు, సమాధి యున్న చోటు – ఇవి చాలును. ఆ సంగతి ఎవరు చెప్పిరో, ఏ కాగితములో చూచితిమో పక్కనే వ్రాయవలెను. విన్నమాటను, చూచిన కాగితమును వేఱు వేఱుగ నుంచవలెను. ఇద్దరు పెద్దలు రెండు విధములుగ చెప్పినచో రెండును వ్రాయవలెను. నచ్చినదానిని ఉంచి నచ్చనిదానిని తీసివేయరాదు.

మూడు జాగ్రత్తలు

మొదటిది: వంశచరిత్ర భూమిహక్కు కాదు. పాత సేత్వారులో ముత్తాత పేరున్నంత మాత్రమున నేటి భూమి మనదికాదు. నడుమ జరిగిన అమ్మకములు, పంపకములు, తీర్పులు చూడవలెను. పాత నకలు చేతికి రాగానే కోర్టు దారి పట్టువాడు ఉన్న యెకరమును గూడ ఖర్చులకు పోగొట్టుకొనును. కాని విరాసత్ చేయించుకొనునపుడు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము తీసికొనునపుడు, పేరులోని తప్పు దిద్దించుకొనునపుడు ఈ పుస్తకము దారి చూపును. ఏ పహాణీ నకలు అడుగవలెనో తెలిసినవాడు దళారి చేతిలో పడడు.

రెండవది: ఆడబిడ్డలను విడువరాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురునకు కొడుకుతో సమానమైన హక్కును మన రాష్ట్రపు సవరణ 1986లోను, కేంద్రచట్టపు సవరణ 2005లోను కల్పించినవి. కూతుళ్ల పేర్లు మఱుగుపఱచి వ్రాసిన వంశవృక్షము అబద్ధమే గాక, తరువాతి తరమునకు వ్యాజ్యమును వారసత్వముగ నిచ్చుట. దత్తత, రెండవ పెండ్లి, ఊరు విడిచిపోయిన అన్న – ఇవియు నిట్లే. దాచిన పేరు ఏనాటికైన తలుపు తట్టును.

మూడవది: లేని గొప్ప తెచ్చిపెట్టుకొనరాదు. మన పూర్వుడు దేశముఖు కాకపోవచ్చును, జాగీర్దారు కాకపోవచ్చును. ఎవరి చేనిలోనో జీతమునకుండి, కఱవు యేట పిల్లలను చంకనెత్తుకొని ఈ యూరికి వచ్చిన వాడే కావచ్చును. అతడు త్రవ్విన బావి, అతడు వేసిన గట్టు, అతడు నాటిన చింత మన కంటి యెదుట నున్నచో అంతకంటె గొప్ప శాసనమేమి కావలెను?

ఊరి లెక్కలను చూచిన పటేలు పట్వారీ వ్యవస్థ 1984లో పోయెను. దానితోడనే, ఏ పొలము ఎవరిదో, ఎవరి తండ్రి ఎవరో చూడకయే చెప్పగల జ్ఞాపకమును పోయెను. ఆ వ్యవస్థలో దోషములు మెండు. వాని చేతిలో మన పేరుండుటచే మనము భయపడితిమి. ఇపుడు మన పేరు మన చేతిలోనే యుండవచ్చును. అందులకు కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, ఇంట నున్న ముదుసలి యొద్ద కూర్చుండుటకు కొన్ని సాయంత్రములు. వానకారు పనులు ముగిసి పెత్రామాస వచ్చునప్పటికి ప్రతి సభ్యుని యింటను ఆ మూడు పేర్ల ప్రక్కన నాల్గవ పేరు చేరవలెనని మా కోరిక.